పసుపు చెవిబిళ్ళలు

మార్చి 3

డాక్టరమ్మ గారికి (పశువుల కాంపౌండరైనా నాకు నువ్వు డాక్టరమ్మవే),

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరికో ఏదో అయిందని కంగారు పడకు. మీ వదిన మోకాలి నొప్పి మామూలే, నా నోటి దురుసు మామూలే. ఫోన్‌లో మాట్లాడదామంటే మీ గొర్రెల కేంద్రం వాళ్ళు ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకుంటారాయె. సాయంత్రం నీ చేతికిచ్చాక కూడా పక్కన వాచ్‌మన్ ఉంటాడో ఏమో, నువ్వు ఊఁ కొట్టడం తప్ప ఒక్క ముక్క సరిగ్గా మాట్లాడవు. అందుకే నువ్వు హాస్టల్లో ఉన్నప్పటిలా కాగితం పట్టుకున్నాను.

సంగతేమిటంటే, పది రోజులుగా మన కొట్లో మాంసం కన్నా ప్రశ్నలే ఎక్కువ తూగుతున్నాయి. క్లోనింగ్ చేసిన గొర్రెల మాంసాన్ని ఎవరికీ చెప్పకుండా బజార్లోకి వదిలేశారని పేపర్లో ఎవరో రాశారట. ఇక చూడు. దానికి జిరాక్స్ మటన్ అని పేరు కూడా పెట్టేశారు. లెక్కల మాస్టారు నీకు గుర్తున్నాడుగా, ఎప్పుడొచ్చినా అరకిలో భుజం ముక్కే తీసుకునే ఆయన. మొన్న ముక్కని కళ్ళజోడు దగ్గరికి పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, ఇది అసలుదేనా అని అడిగాడు. గొర్రెకి అసలేమిటి, నకలేమిటి మాస్టారూ, ఇదేమన్నా ఇంటి దస్తావేజా అన్నాను. నవ్వలేదు. ముక్క మొద్దు మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఎదురుగా బట్టలు కుట్టే ఆవిడైతే కోడలు కడుపుతో ఉందని మూడు రోజులుగా మా గుమ్మం ఎక్కడం లేదు.

నాన్న పెట్టిన పద్ధతి నీకు తెలుసు. పొద్దున్నే బోర్డు మీద ఆ రోజు కోసిన గొర్రె ఏ మందది, వయసెంత, కోసిందెవరు అని రాసి, కింద సంతకం పెట్టాలి. ఆయన పోయాక ఇరవై ఆరేళ్ళుగా నేనూ అదే చేస్తున్నాను. ఒక్కరోజు జ్వరంలో సంతకం మర్చిపోతే మాస్టారే సుద్దముక్క చేతికిచ్చి పెట్టించాడు. ఇప్పుడు అందరూ ఇంకో లైను అడుగుతున్నారు, క్లోన్ గొర్రె కాదని రాయమని. తెలియనిదానికి నేను సంతకం పెట్టను. ఆ గొర్రెల్ని పుట్టించే చోటే నువ్వున్నావు కదా. మేం గొర్రెలు కొనే మండీకి మీ కేంద్రం నుంచి ఏమన్నా వస్తున్నాయా? ఒక్క మాట రాయి.

మీ వదిన ఒకటి అడగమంటోంది. పోయిన నెల వచ్చినప్పుడు నువ్వు కూర ముట్టుకోకుండా చారుతోనే అన్నం తినేసి లేచావట. ఉప్పెక్కువైందా అని ఇప్పటికీ మథనపడుతోంది.

ఇట్లు, 
కత్తి పట్టినా మెత్తటి మనిషైన నీ అన్నయ్య

*

మార్చి 8

అన్నయ్యకి,

వదిన కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది. నాకే ఆ రోజు తినబుద్ధి కాలేదు, ఇంకేం లేదని చెప్పు.

పేపర్లో రాసినదానికి మీరంతా ఇంత హడలిపోతున్నారంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. క్లోనింగంటే గొర్రెని అచ్చుయంత్రంలో పెట్టి తిప్పడం కాదు. కవలల్లో ఒకటి కొన్నేళ్ళు ఆలస్యంగా పుట్టిందనుకో, అంతే. ఇక్కడ నా షెడ్డులో అలాంటివి నాలుగున్నాయి. నలుగురికీ ఎడమ కంటి కింద ఒకటే మచ్చ. తుమ్మేముందు నలుగురూ ఒకటే కాలు ఎత్తుతారు. కానీ బుద్ధులు మాత్రం నాలుగు రకాలు. ఒకతి నా కొంగు వదలదు, ఇంకొకతి కరుస్తుంది, మూడోది తిండి కోసం తప్ప నా మొహం చూడదు. నాలుగోది వదినలాగే, ఏం జరిగినా తన తప్పే అనుకుని మూల నిలబడుతుంది. (ఈ వాక్యం వదినకి చదివి వినిపించకు.)

జనం భయపడాల్సింది ఏమీ లేదు. ఇంతకన్నా నేను రాయకూడదు. ఇక్కడి సంగతి బయట మాట్లాడనని చేరేటప్పుడే సంతకం పెట్టాను. సంతకం అంటే ఏమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు. నీ బోర్డు మీద ఎప్పుడూ రాసేదే రాసుకో అన్నయ్యా. కొత్త లైన్ల జోలికి ఎందుకు?

నీ చెల్లెలు

*

మార్చి 14

చెల్లాయికి,

నీ ఉత్తరంతో నా నెత్తిమీద బరువు దిగింది. భయపడాల్సింది ఏమీ లేదని నువ్వే రాశావు. అంతకన్నా ఏం కావాలి? రాయకూడని మాట రాయకుండానే భలే చెప్పావు. పదో తారీఖునే బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేశాను: "ఇది క్లోన్ గొర్రె కాదు." కింద సంతకం. నీ పేరు ఎక్కడా ఎత్తలేదులే, నాకు ఆ మాత్రం తెలుసు.

మాస్టారు మర్నాడే వచ్చాడు. బోర్డు రెండుసార్లు చదివి, నువ్వు రాశావంటే సరేనయ్యా అని అరకిలో కట్టించుకున్నాడు. ఎదురింటావిడ కోడలి కోసం కాళ్ళు తీసుకెళ్ళింది, సూపు కాచి ఇస్తుందట. మూలమీద అద్దాలు బిగించి మాంసం కొట్టు పెట్టాడే, ఆ కొత్తవాడి దగ్గరికి పోయినవాళ్ళు కూడా వెనక్కి వచ్చారు. వాడి దగ్గర అద్దాలూ ఫ్రిజ్జులూ ఉన్నాయి కానీ బోర్డు లేదు. నిన్న మధ్యాహ్నానికే కొక్కేలన్నీ ఖాళీ. ఈ మధ్య మండీలో గొర్రెలు కూడా బ్రహ్మాండంగా వస్తున్నాయి. చెవికి పసుపు బిళ్ళ ఉన్నవైతే మరీ, అన్నీ ఒకే ఒడ్డూ పొడుగూ. కోస్తుంటే చేతికి హాయిగా ఉంటోంది. రోజూ అవే ఏరి తెస్తున్నాను.

ఎప్పుడొస్తావు? ఈసారి నీకోసం వదిన మాంసం లేకుండానే వండుతానంటోంది. మాంసం కొట్టువాడింట్లో ఇదేం ఖర్మో.

నీ అన్నయ్య

*

మార్చి 19

అన్నయ్యా,

ఇది చదవగానే పొయ్యిలో వెయ్యి.

బోర్డు మీద ఆ లైను ఈ రోజే చెరిపెయ్యి. పసుపు బిళ్ళ ఉన్న గొర్రెల్ని ఇక కొనకు. కారణం అడగకు, ఎవరికీ చెప్పకు. నాకు ఇంతకన్నా రాసే వీల్లేదు. నా మీద నమ్మకముంటే నేను చెప్పినట్టు చెయ్యి.

చెల్లి

*

మార్చి 24

చెల్లాయికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. అంతకన్నా ఎక్కువే చేశాను. చదివాక నువ్వే శెభాష్ అంటావు.

నీ ఉత్తరం చదివి వెంటనే పొయ్యిలో వేశాను. నువ్వు పశువుల కాంపౌండరువి. ఫలానా గొర్రెని కొనకు, కారణం అడగకు, ఉత్తరం తగలబెట్టు అని రాశావంటే దానర్థం ఏమిటో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ఆ మందకి ఏదో జబ్బు తగిలింది, మీవాళ్ళు దాస్తున్నారు. ఆ రోజు మా ఇంట్లో నువ్వు ముక్క ఎందుకు ముట్టుకోలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఆ ఆదివారం వండినది కూడా పసుపు బిళ్ళదే. నాకు చెప్పలేక చారు పోసుకుని లేచావు. నేనూ వదినా మాత్రం రెండోసారి వడ్డించుకుని తిన్నాం.

బోర్డు పెట్టి పది రోజులకి పైగా అవే అమ్మాను. ఎదురింటావిడ కోడలికి సూపు కాళ్ళు నా చేత్తో కట్టిచ్చాను. నా ఒక్కడి కొట్టు కాపాడుకుని నోరు మూసుకుంటే నేను మనిషినేనా? అందుకే నేరుగా మాంసం వర్తకుల సంఘానికి వెళ్ళి, పసుపు బిళ్ళ మందకి జబ్బుంది, ఎవరూ కొనకండని చెప్పాను. ఎలా తెలుసని అధ్యక్షుడు గుచ్చి గుచ్చి అడిగాడు. లోపలి మనిషే చెప్పారన్నాను. పేరు మాత్రం ప్రాణం పోయినా చెప్పనన్నాను. నా మాట మీద సాయంత్రానికల్లా మండీలో ఆ గొర్రెల వైపు ఎవరూ వెళ్ళలేదు. మర్నాడు పేపర్లో కూడా వచ్చింది.

ఎదురింటికి కూడా వెళ్ళి చెప్పాను. ఆవిడ కుడుతున్నది మిషను మీదే వదిలేసి లేచింది. కోడల్ని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

నువ్వు జాగ్రత్త. చేతులు బాగా కడుక్కో.

అన్నయ్య

*

మార్చి 29

అన్నయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలం లేదు, అది నీ పుణ్యమే.

జబ్బని నేనెక్కడ రాశాను? ఆ మాట నా ఉత్తరంలో ఎక్కడుంది? ఉత్తరం తగలబెట్టావు కాబట్టి చూపించలేవు, కానీ నాకు ప్రతి ముక్కా గుర్తే. ఇక దాచి ప్రయోజనం లేదు కనుక వినిపించుకో. పసుపు బిళ్ళవి నేను చెప్పిన నలుగురు అక్కచెల్లెళ్ళ సంతానం. పిల్లలు, పిల్లల పిల్లలు. మాటవరసకి క్లోన్లు కాకపోయినా జనం అడిగేది వాటి గురించే. రాళ్ళు తిని అరిగించుకునేంత ఆరోగ్యంగా ఉన్నాయి. వాటిని అమ్మేటప్పుడు చెప్పాలని చట్టంలో లేదు, అందుకని కేంద్రం చెప్పలేదు. నువ్వేమో క్లోన్ కాదని బోర్డు మీద రాసి సంతకం పెట్టావు. నాన్న బోర్డు మీద నీ చేత్తో అబద్ధం రాయించానే అని నాకు అన్నం దిగలేదు. ఆ ఒక్క లైను చెరిపించడం కోసం నా ఉద్యోగం పణంగా పెట్టి ఆ నాలుగు ముక్కలూ రాశాను. దానికి నువ్వు చేసింది ఇదీ.

ఆ ఆదివారం సంగతి కూడా చెప్తాను. నీ కొట్టు వెనక కొక్కేనికి వేలాడుతున్న తల చూశాను. కుడి చెవి అంచున చిన్న గాటు. తల్లి దగ్గరికి రానివ్వకపోతే ముప్పై రోజులు సీసాతో పాలు పట్టాను దానికి. చేత్తో పెంచినదాన్ని చేత్తో కలుపుకుని తినలేకపోయాను. అంతే. జబ్బూ లేదు, గిబ్బూ లేదు.

ఇప్పుడు గేట్లు మూసేశారు. జబ్బేమిటో తేలేదాకా మేమెవరం బయటికి పోకూడదు. ఈ ఉత్తరం దాణా లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను, జవాబు కూడా అతనికే ఇవ్వు. రక్తపరీక్షలు రెండుసార్లు చేశారు, ఏమీ లేదని వచ్చింది. అయినా పశుశాఖ ఆఫీసరు, లోపలి మనిషే చెప్పాడంటే మీరేదో దాచారన్నమాటే అని పట్టుపట్టాడు. నూట నలభై రెండింటినీ చంపి పూడ్చాలని ఉత్తర్వు తయారైంది. ఆరో తారీఖున మీ సంఘం హాల్లో విచారణ, అక్కడ వేరే ఏమీ తేలకపోతే తొమ్మిదిన గొయ్యి. షెడ్డు వెనక ఇప్పటికే తవ్వుతున్నారు. యంత్రం చప్పుడుకి గొర్రెలు మేత ముట్టడం లేదు. ఆ లోపలి మనిషి ఎవరని ఇక్కడ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. దాణా గది చూసే ముసలాయన్ని నిన్న రెండు గంటలు నిలబెట్టి అడిగారు. నేను పక్కనే నిలబడి విన్నాను, నోరు విప్పలేదు.

చెల్లి

*

ఏప్రిల్ 1

చెల్లాయికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సిగ్గుతో, రెండోసారి కోపంతో. మూడోసారి వదినకి చదివి వినిపించాను, ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

తప్పు నాదే. కానీ నీది అసలు లేదనకు. "అవి క్లోన్ పిల్లలు అన్నయ్యా, బోర్డు తీసెయ్యి" అని ఒక్క లైను రాసి ఉంటే ఈ గొడవ ఉండేదా? నీ సంతకం నీకు ముద్దు. మరి నా సంతకమో? నువ్వు భయపడాల్సింది లేదంటావు, మీ డాక్టర్లూ అదే అంటారు. నిజమే కావచ్చు. కానీ మాస్టారు నన్నడిగింది దాంతో ప్రమాదమా అని కాదు, ఏమిటది అని. తినే మనిషి పళ్ళెంలో ఏముందని అడిగితే నీకెందుకు, మంచిదేలే అని జవాబిస్తారా? మంచిదే అయితే దాచడం దేనికి? మీరు దాచబట్టే నేను జబ్బనుకున్నాను. నాలాంటివాళ్ళు ఎక్కడైనా అలాగే అనుకుంటారు.

సంఘానికి మళ్ళీ వెళ్ళాను. జబ్బు లేదు, నేను పొరపడ్డానని చెప్పాను. అధ్యక్షుడు నా భుజం తట్టి, నిన్నెవరో బెదిరించారయ్యా, భయపడకు, మేమున్నాం అన్నాడు. మొన్న నోటిమాట అనగానే నమ్మినవాళ్ళు ఇవాళ ఎంత మొత్తుకున్నా నమ్మడం లేదు. ఆ చెప్పిన మనిషి ఎవరో వచ్చి చెప్తే చూద్దాం అంటున్నారు. అక్కడే ఆగిపోయాను.

బోర్డు ఖాళీగా ఉంది. ఏం రాయాలన్నా నీ దగ్గరికే దారి తీస్తుంది. గొర్రె తేవడం లేదు, కొట్టు తెరిచి ఊరికే కూర్చుంటున్నాను. ఎదురింటి కోడలికి ఏం లేదని ఆసుపత్రిలో చెప్పారట. ఆ కబురు కూడా నాకు వేరేవాళ్ళు చెప్పారు, ఆవిడ నాతో మాట్లాడడం లేదు.

నాకేం చెయ్యాలో పాలుపోవడం లేదు. ఉన్నచోట ఉండలేకపోతున్నాను. నువ్వే చెప్పు.

అన్నయ్య

*

ఏప్రిల్ 4

అన్నయ్యకి,

నీ కోపం న్యాయమైనదే. రెండు రోజులు ఆలోచించాను. చెప్పొద్దని నా చేత సంతకం పెట్టించుకున్నవాళ్ళ మాట నిలబెట్టడానికి, అడిగిన అన్నయ్యకి మాట దాటేశాను. మొదటి ఉత్తరానికే నిజం రాసి ఉండాల్సింది.

ఈ కవర్లో ఇంకో కాగితం ఉంది చూడు. లోపలి మనిషిని నేనే, జబ్బని నేను చెప్పలేదు, మా అన్నయ్య పొరపడ్డాడు అని అంతా రాసి, కింద సంతకం పెట్టాను. ఆరో తారీఖున అది ఆఫీసరు చేతికివ్వు. ఉద్యోగం పోతుంది, అది ఖాయం. గుట్టు బయటపెట్టినందుకు కేసు కూడా వేస్తారని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. ఇంకెక్కడా పశువుల దగ్గరికి రానివ్వరు. ఏం చేస్తాను, వచ్చి నీ కొట్లో కాటా దగ్గర కూర్చుంటాను.

గొయ్యి పూర్తయింది. ఇవాళ పెద్ద డాక్టరు దాని చుట్టూ నడిచి కొలిచాడు. నా కొంగు వదలనిది ఉందే, దాని రెండు మనవరాళ్ళూ ఈనడానికి సిద్ధంగా ఉన్నాయి. తొమ్మిదో తారీఖు దాకా ఆగవు. గొయ్యి దగ్గరికి తోలుకెళ్ళేటప్పటికి వాటి వెంట పిల్లలు కూడా ఉంటాయేమోనని ఒకటే బెంగగా ఉంది. ఇన్నేళ్ళుగా పనిలో ఏడవలేదు అన్నయ్యా, ఈ వారం మందు సీసాలు కడుగుతూ ఏడుస్తున్నాను. నాకేమవుతుందోనని చూడకు. కాగితం ఇచ్చెయ్యి.

చెల్లి

*

ఏప్రిల్ 7

చెల్లాయికి,

గొయ్యి పూడ్చేయిస్తారు, ఖాళీగానే. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలనిపించింది. ఆ రెండూ ఈనాయా?

విచారణకి హాలు పట్టనంత జనం వచ్చారు. మీ పెద్ద డాక్టరు ముందు లేచాడు. పసుపు బిళ్ళవి క్లోన్ గొర్రెల సంతానమేనని, ఆరోగ్యంగా ఉన్నాయని, చెప్పాలని చట్టంలో లేదని చదివాడు. హాలంతా తేనెతుట్టె కదిపినట్టయింది. మాస్టారు లేచి, చట్టం అడగకపోతే మేం అడగకూడదా అన్నాడు. చివరికి ఇకమీదట మండీలో ఆ బిళ్ళ ఏమిటో రాసిపెట్టాలని ఆఫీసరు ఒప్పుకున్నాడు. తర్వాత జబ్బు మాటకొచ్చాడు. నా పేరు పిలిచాడు.

నీ కాగితం జేబులోనే ఉంది. ఇద్దామనే వెళ్ళాను, ఒట్టు. కానీ ముందు వరసలో మీ కేంద్రం వకీలు కూర్చున్నాడు, ఒళ్ళో ఖాళీ కాగితాలు పెట్టుకుని, పెన్ను మూత తీసి. నీ పేరు కోసమే ఎదురు చూస్తున్నాడని అతని మొహం చూస్తేనే తెలిసింది. నీ చేతులు గుర్తొచ్చాయి. ఏడేళ్ళప్పుడు కాలు విరిగిన కుక్కపిల్లకి ఐసుపుల్లలతో కట్టు కట్టావు చూడు, ఆ చేతులు. వాటిని నా కాటా దగ్గర కూర్చోబెట్టడానికి నాకు మనసు రాలేదు.

అందుకని లేచి చెప్పాను. లోపలి మనిషీ లేడు, జబ్బూ లేదు, అంతా నేనే పుట్టించాను. మూలమీద అద్దాల కొట్టువాడు ఆ మండీలోనే కొంటాడు, వాడి బేరాలు చెడగొడదామని ఓర్వలేక అలా అన్నాను. ఆఫీసరు తలెత్తి చూసి, "నీ చెల్లెలు అక్కడే పనిచేస్తుందటగా?" అన్నాడు. 

"చేస్తుందండి," అన్నాను. "రెండేళ్ళయింది మాకు మాటల్లేక. ఉత్తరం ముక్క కూడా లేదు." 

ఆఫీసరు రక్తపరీక్షల కాగితాలు ఇంకోసారి తిరగేశాడు. మంద ఉత్తర్వు అక్కడికక్కడే రద్దు చేశాడు. నా లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు, సంఘం నుంచి పేరు కొట్టేశారు. ఎదురింటావిడ నా మొహం మీదే ఛీ అంది. బయటికొచ్చాక నేను పలకరిస్తే మాస్టారు చెప్పుల్లో కాలు పెట్టుకుంటూ తల దించుకుని వెళ్ళిపోయాడు. అదొక్కటే తట్టుకోలేకపోయాను. ఇరవై ఆరేళ్ళు ఉన్నది ఉన్నట్టు రాసినా పది రోజుల పుకారుకే అందరూ అనుమానంగా చూశారు. తెలిసి ఒక్కసారి అబద్ధమాడితే హాలంతా ఒక్క క్షణంలో నమ్మేసింది.

వదినకి మాత్రం తెలుసు. ఇంటికి రాగానే మంచినీళ్ళిచ్చి, మంచి పని చేశావు అంది. నీ కాగితం తనే పొయ్యిలో వేసింది.

ఒక్క సంగతి. మీ వకీలు నా మాట పూర్తిగా నమ్మినట్టు లేడు. వాకబు చేస్తాడు. పోస్టాఫీసులో అడుగుతాడు, దాణా లారీ డ్రైవర్ని అడుగుతాడు. మనకి మాటల్లేవన్నది నిజంలా ఉండాలంటే నిజంగానే లేకుండా ఉండాలి. ఎన్నాళ్ళో నాకు తెలియదు. నీ గొర్రెల్ని చూసుకో. వేళకి తిను.

జవాబు రాయకు.

అన్నయ్య